చేతిలో సత్తువ ఉంది, కదలిక మాత్రం మొదలవదు: బేసల్ గాంగ్లియా ఏం చేస్తుంది, ఎక్కడ చెడుతుంది

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. చీపురుపల్లి దగ్గర ఊరు. మావయ్యగారికి 66 ఏళ్లు, చాలాకాలం మాంగనీసు గనిలో పనిచేసి మానేశారు. ఏడాదిన్నరగా కుడిచేయి వణుకుతోంది, అడుగులు చిన్నవైపోయాయి, గడప దగ్గరకొచ్చేసరికి కాళ్లు కదలవు. బియ్యం బస్తా చెవి పట్టుకుంటే పట్టు గట్టిగానే ఉంది, చొక్కా బొత్తాం మాత్రం పెట్టుకోలేరు. ఎమ్మారై మామూలుగా ఉందని రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు మాత్రం బేసల్ గాంగ్లియాలో లోపం, పార్కిన్సన్ అన్నారు. పొద్దుటి మాత్ర పనిచేస్తుంది, మధ్యాహ్నం భోజనం చేశాక వేసుకున్నది పనిచేయదు. స్కాన్‌లో ఏమీ లేకపోతే లోపం ఎక్కడున్నట్టు? గని వల్ల వచ్చిందా? మా ఆయనకీ వస్తుందా?

బొత్తాం సంగతితో మొదలుపెడతాను, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. కండరానికి బలం అందేది మెదడు పైపొరలోని మోటార్ కార్టెక్స్ నుంచి. అక్కడ బయల్దేరిన తంతువులు ఇంటర్నల్ క్యాప్సూల్ అనే సన్నటి దారిగుండా వెన్నుపాములోకి దిగుతాయి. పక్షవాతంలో దెబ్బతినేది ఈ దారి, అందుకే అందులో చేయి పడిపోతుంది. బేసల్ గాంగ్లియా నుంచి వెన్నుపాముకి నేరుగా వెళ్లే తంతువులు లేవు. అది కండరానికి ఆజ్ఞ ఇవ్వదు. ఏ కదలికను ఇప్పుడు వదలాలి, ఏవి ఆపి ఉంచాలి, వదిలిన కదలిక ఎంత పెద్దదిగా, ఎంత వేగంగా సాగాలి అన్నది తేల్చడం దాని పని. కనుక అది చెడితే బలం తగ్గదు. కదలిక మొదలవడం ఆలస్యమవుతుంది, మొదలయ్యాక కుంచించుకుపోతుంది. బస్తా పట్టుకోవడం ఒక్క పట్టు. బొత్తాం పెట్టుకోవడం అలా కాదు: వేళ్లు బొత్తాన్ని వెతకాలి, అంచు మీద నిలబెట్టాలి, కాజాలోకి తోయాలి, రెండో చేతి వేళ్లు అందుకోవాలి. ఒక్కో మెట్టూ ముగిసి తర్వాతది మొదలవ్వాలి. మీ మావయ్యగారికి చెడింది ఆ మార్పిడే.

ఇక నిర్మాణం. బేసల్ గాంగ్లియా ఒక్క ముద్ద కాదు, మెదడు లోతులో ఇరువైపులా ఉండే కొన్ని కణ సముదాయాల గుంపు. లోపలికి వచ్చే సమాచారం అందుకునేది స్ట్రయేటం. అందులో ప్రధాన భాగాలు రెండు: తోక ఆకారంలో వంపు తిరిగిన కాడేట్, దాని పక్కనే ఉండే పుటామెన్. కదలికలకు సంబంధించిన పని ఎక్కువగా పుటామెన్‌ది, ముఖ్యంగా దాని వెనుక సగానిది. పుటామెన్‌కి లోపలివైపు ఆనుకుని గ్లోబస్ పాలిడస్ ఉంటుంది, దానికి బయటి ముక్క, లోపలి ముక్క అని రెండు భాగాలు. కార్టెక్స్‌కి సంకేతాలను అందించే మజిలీ థాలమస్. దాని కింద బఠాణీ గింజంత సబ్‌థలామిక్ న్యూక్లియస్. ఇంకా కిందికి, మధ్య మెదడులో, సబ్‌స్టాన్షియా నైగ్రా. దీన్లో ఒక పొర డోపమిన్ అనే సంకేత రసాయనాన్ని తయారుచేస్తుంది. నల్లటి వర్ణకం నిండి ఉండడం వల్ల కోసి చూస్తే కంటికే నల్లగా కనబడుతుంది. ఇంకో పొర, పాలిడస్ లోపలి ముక్కతో కలిసి, మొత్తం గుంపుకి బయటికి వెళ్లే ద్వారం. ఈ రెంటి నుంచి వెళ్లే సంకేతం థాలమస్‌కి, అక్కడి నుంచి తిరిగి కార్టెక్స్‌కి చేరుతుంది. అంటే కార్టెక్స్‌లో పుట్టిన ఆలోచన ఒక చుట్టు తిరిగి మళ్లీ కార్టెక్స్‌కే వస్తుంది. కాడేట్‌కీ పుటామెన్‌కీ నడుమగా పోయేదే పైన చెప్పిన ఇంటర్నల్ క్యాప్సూల్. బీపీ ఎక్కువై పుటామెన్‌లో రక్తం చిమ్మినప్పుడు పక్షవాతం రావడానికి కారణం ఈ పొరుగే. రక్తపు గడ్డ పక్కనున్న దారిని నొక్కేస్తుంది.

పని తీరు అర్థం కావాలంటే ఒక్క విషయం పట్టుకోవాలి: బయటి ద్వారం ఎప్పుడూ మూసే ఉంటుంది. హిరమండలం దగ్గర వంశధార మీది గొట్టా బ్యారేజీని తలచుకోండి. గేట్లు మామూలుగా దించి ఉంటాయి, నీరు వెనక ఒత్తిడితో నిలిచే ఉంటుంది, ఏ కాలువకి కావాలో ఆ షట్టరు ఎత్తితే అటు పోతుంది. ఇక్కడా అంతే. పాలిడస్ లోపలి ముక్కలోని కణాలు మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా సెకనుకు 60 నుంచి 80 సార్లు సంకేతం పంపుతూ, గాబా అనే అణచే రసాయనంతో థాలమస్‌ని నొక్కిపెట్టి ఉంచుతాయి. స్ట్రయేటంలోని కణాలు దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడి నాడీకణాల్లో దాదాపు 95 శాతం మీడియం స్పైనీ రకం. అవి చాలాసేపు మౌనంగానే ఉంటాయి, కార్టెక్స్‌లోని అనేక చోట్ల నుంచి ఒకేసారి ఉత్తేజం అందితేనే మేల్కొంటాయి. మేల్కొన్నవి కూడా గాబానే వదులుతాయి.

వాటి నుంచి రెండు దారులున్నాయి. నేరు దారిలో స్ట్రయేటం కణం తిన్నగా పాలిడస్ లోపలి ముక్కను అణుస్తుంది. అణచేదాన్ని అణిస్తే థాలమస్‌కి విడుదల దొరుకుతుంది, ఆ కదలిక సాగుతుంది. చుట్టు దారిలో స్ట్రయేటం కణం పాలిడస్ బయటి ముక్కను అణుస్తుంది. ఆ బయటి ముక్క మామూలుగా సబ్‌థలామిక్ న్యూక్లియస్‌ను అదుపులో ఉంచేది. ఇప్పుడు ఆ అదుపు పోతుంది. సబ్‌థలామిక్ కణాలు వదిలేది గ్లుటమేట్, ఉత్తేజపరిచే రసాయనం. దాంతో లోపలి ముక్క మరింత చురుకై థాలమస్‌ని ఇంకా గట్టిగా నొక్కుతుంది. అక్కర్లేని కదలికలు ఆగుతాయి. ఇవి కాక కార్టెక్స్ నుంచి స్ట్రయేటంతో పని లేకుండా సబ్‌థలామిక్ న్యూక్లియస్‌కి తిన్నగా వెళ్లే మూడో దారి ఉంది, అన్నిటికన్నా వేగమైనది. కోతుల్లో కార్టెక్స్‌ని ఉత్తేజపరచి పాలిడస్ లోపలి ముక్కలో కొలిస్తే మూడు దశలు వరుసగా కనిపిస్తాయి: ముందు క్షణకాలం అంతటికీ బిగింపు, తర్వాత సడలింపు, చివర మళ్లీ బిగింపు. కదలికకు మొదలూ చివరా స్పష్టంగా ఉండేది ఇందువల్ల.

డోపమిన్ ఈ రెండు దారుల మీదా పనిచేస్తుంది, రెండు విరుద్ధ రీతుల్లో. నేరు దారి కణాల మీద డీ1 గ్రాహకాలు, అంటే డోపమిన్‌ని అందుకునే చోట్లు ఉంటాయి, డోపమిన్ తగిలితే అవి చురుకవుతాయి. చుట్టు దారి కణాల మీద డీ2 గ్రాహకాలుంటాయి, డోపమిన్ తగిలితే అవి మందగిస్తాయి. రెండూ కలిసి కదలికకే సాయం. డోపమిన్ తగ్గితే విడుదల చేసే దారి నీరసిస్తుంది, ఆపే దారి బలపడుతుంది. గొట్టా దగ్గర షట్టర్లన్నీ కిందికి దిగి బిగుసుకున్న స్థితి అది. నీటి ఒత్తిడి ఉంది, దారి లేదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. నేరు దారి అంటే వెళ్లు, చుట్టు దారి అంటే ఆగు అని పాఠ్యపుస్తకాలు గీసే బొమ్మ మొదటి మెట్టుకి సరిపోతుంది, అంతకు మించి నమ్మకూడదు. కదలిక మొదలయ్యే క్షణంలో రెండు దారులూ ఒకేసారి చురుకవుతాయని 2013లో ఎలుకల మీద చేసిన కొలతల్లో తేలింది. ఒకటి కావలసినదాన్ని ఎంచుతుంటే, అదే క్షణంలో రెండోది దాని పోటీదారులను ఆపుతుందని అనుకోవడమే సబబు. ఇంకో చిక్కు కూడా ఉంది. పార్కిన్సన్ రోగుల్లో పాలిడస్ లోపలి ముక్కలో కొంత భాగాన్ని శస్త్రచికిత్సతో కాల్చేస్తే, ఆ బొమ్మ ప్రకారం కదలికలు అదుపు తప్పాలి. కానీ తప్పవు, బిగుతు తగ్గి మెరుగవుతాయి. జబ్బులో సంకేతాల లెక్క పెరగడం ఒక్కటే సమస్య కాదు, వాటి లయ చెడడం కూడా సమస్య. సెకనుకు 13 నుంచి 30 సార్ల మధ్య లయలో వేలాది కణాలు ఒక్కసారిగా ఊగడం మొదలుపెడతాయి. అలా గుంపుగా ఊగుతున్న కణాల్లో ఏ ఒక్క కదలికకూ విడి సంకేతం పుట్టదు. సబ్‌థలామిక్ న్యూక్లియస్‌లో తీగ పెట్టి సెకనుకు 130 సార్లు విద్యుత్తు ఇచ్చే చికిత్స ఈ చెడ్డ లయను చెదరగొడుతుంది. మాత్రకు మంచి స్పందన ఉండి, మోతాదుల మధ్య ఒడిదుడుకులు భరించలేనంత అయినవారికే అది పనికొస్తుంది. మాత్రకు లొంగని లక్షణాలు తీగకు కూడా సాధారణంగా లొంగవు. వణుకు ఒక్కటే దీనికి మినహాయింపు.

ఇప్పుడు స్కాన్ ప్రశ్న. మామూలు ఎమ్మారై ఆకారాన్ని చూపిస్తుంది, రసాయనాన్ని చూపించదు. డోపమిన్ కణాలు మొత్తం కలిపినా కొన్ని లక్షలే, కానీ ఒక్కో కణం కొమ్మలు స్ట్రయేటంలో లక్షల సంధుల దాకా పాకుతాయి. ముందు ఎండిపోయేది ఆ కొమ్మలే, అదీ పుటామెన్ వెనుక భాగంలో. మొదటి లక్షణం కనబడే నాటికే ఆ భాగంలో డోపమిన్ చాలావరకు అయిపోయి ఉంటుంది. ఎమ్మారైలో తేడాగా కనిపించేంత మార్పు అప్పటికీ రాదు. స్కాన్ తీసేది పార్కిన్సన్‌ని రుజువు చెయ్యడానికి కాదు. చిన్న చిన్న పక్షవాతాలు, తలలో నీరు చేరడం, గడ్డ, మాంగనీసు వంటివి లేవని చూసుకోవడానికి. రోగ నిర్ణయం డాక్టరు కళ్లతో, చేతులతో జరుగుతుంది. కనుక నార్మల్ రిపోర్టుకీ డాక్టరుగారి మాటకీ పేచీ లేదు.

డాక్టరుగారు ఏం చూశారో మీరూ ఇంట్లో చూడొచ్చు. బొటనవేలి మీద చూపుడువేలిని, వీలైనంత ఎడంగా విప్పి, వీలైనంత వేగంగా 10 సార్లు కొట్టమనండి. ముందు ఎడమచేత్తో, తర్వాత కుడిచేత్తో. మొదటి మూడు నాలుగు బాగానే ఉండి, తర్వాత వేళ్ల మధ్య ఎడం తగ్గుతూ పోయి, మధ్యలో ఒక తడబాటు వస్తే అది బేసల్ గాంగ్లియా మందకొడితనం. వేగం తక్కువైనా ఎడం చివరిదాకా ఒకేలా ఉంటే అది వేరే కారణం కావచ్చు, కీళ్ల నొప్పి అయినా సరే. ఒక కాగితం మీద ఒకే వాక్యం నాలుగుసార్లు రాయించండి, అక్షరాలు వరుస వరుసకీ చిన్నవైపోతాయి. వణుకు చేతులు ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు సెకనుకు 4 నుంచి 6 సార్ల లయలో వచ్చి, గ్లాసు అందుకోబోతే తగ్గుతుంది. దీనికి భిన్నంగా గ్లాసు నోటిదాకా తెచ్చేటప్పుడే వణికి నీళ్లు ఒలికితే అది సాధారణంగా వేరే రకం వణుకు, పార్కిన్సన్ మాత్రలు దానికి పనిచేయవు. కుడి ఎడమల మధ్య తేడా ఉండడం కూడా పార్కిన్సన్ వైపే చూపుతుంది. మీ మావయ్యగారికి కుడివైపు మొదలైంది కనుక లోపం ఎడమ మెదడులో ముందు వచ్చింది.

గడప దగ్గర ఆగిపోవడం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఇంట్లో మీ చేతుల్లో ఉన్నది ఇదే. తప్పెటగుళ్లు నేర్చుకునే కుర్రాడిని చూడండి. మొదట్లో ప్రతి అడుగూ ఆలోచించి వేస్తాడు, అప్పుడు పని కార్టెక్స్ ముందు భాగానిది, కాడేట్‌ది. ఏడాది సాధన తర్వాత గుండ్రంగా తిరుగుతూ, గుండెల మీది రేకు వాయిస్తూ, పాట అందుకుంటాడు. అప్పటికి అడుగుల వరుస అలవాటుగా మారి పుటామెన్ చేతుల్లోకి పోయింది. మనందరి నడకా అలాంటి అలవాటే. పార్కిన్సన్‌లో ముందు పోయేది సరిగ్గా ఆ అలవాటు నడిపే భాగం. అయితే బయటి నుంచి ఒక గుర్తు దొరికితే, కంటికి గీత గానీ చెవికి తాళం గానీ, మెదడు పుటామెన్‌ని పక్కనపెట్టి చిన్నమెదడు, ప్రీమోటార్ కార్టెక్స్‌ల మీద ఆధారపడి నడిపించగలదు. అందుకే వాకిట్లో అడ్డంగా వేసిన ముగ్గు గీతలను చక్కగా దాటే మనిషి, వెంటనే ఉన్న ఖాళీ గచ్చు మీద ఆగిపోతాడు.

దీన్ని ఇలా వాడండి. గడపకు ఇటూ అటూ, పడకగది నుంచి బాత్రూం దాకా, నడిచే దిశకు అడ్డంగా రంగు టేపు పట్టీలు అంటించండి. వాటి మధ్య దూరం ఆయన సుఖంగా వేయగల అడుగంత, సుమారు అడుగున్నర నుంచి రెండడుగులు. నేల ఎరుపైతే టేపు తెలుపు. పట్టీ మీద అడుగు వెయ్యొద్దు, దాన్ని దాటమనాలి. కాళ్లు ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి లాగకండి. పైభాగం ముందుకొచ్చి పాదాలు వెనక ఉండిపోయి బోర్లా పడతారు. పూర్తిగా ఆగి, నిటారుగా నిలబడి, బరువు ఒక కాలి మీదకి మార్చి, రెండో కాలితో పెద్ద అడుగు వెయ్యమనండి. పక్కనుండి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. వెనక్కి తిరగాలంటే ఉన్నచోట గిరుక్కున తిరగకూడదు, నాలుగైదు అడుగుల చుట్టు తీసుకోవాలి. నడుస్తున్నప్పుడు మాట్లాడించకండి, చేతిలో చెంబు పెట్టకండి. రెండో పని రాగానే అడుగుల మీద ధ్యాస పోయి మళ్లీ చెడిన అలవాటు దారే మిగులుతుంది.

మధ్యాహ్నం మాత్ర విఫలం కావడానికి కారణం దాదాపు ఖాయంగా అన్నంతో పాటు తిన్న పప్పు, చేప, గుడ్డు, పెరుగు. డోపమిన్ నేరుగా మింగితే మెదడులోకి వెళ్లదు, దాని ముందు రూపమైన లెవోడోపా వెళుతుంది. పేగు నుంచి రక్తంలోకీ, రక్తం నుంచి మెదడులోకీ లెవోడోపాను మోసే రవాణా ప్రోటీన్లు, మాంసకృత్తులు జీర్ణమైతే వచ్చే కొన్ని అమైనో ఆమ్లాలను కూడా మోస్తాయి. అవి ఎక్కువుంటే మాత్ర వెనకబడుతుంది. కాబట్టి మాత్ర భోజనానికి అరగంట నుంచి ముప్పావుగంట ముందు, లేదా తిన్న గంటన్నర తర్వాత వెయ్యండి. ఖాళీ కడుపున వికారం వస్తే రెండు బిస్కెట్లు గానీ పలచటి చోడంబలి గానీ చాలు, పాలు మాత్రం వద్దు. పప్పు, చేపలు పూర్తిగా మానిపించకండి, ఈ జబ్బులో బరువు తగ్గడం ప్రమాదం. ఎక్కువ భాగం రాత్రి భోజనానికి మార్చండి. ఐరన్ మాత్ర లెవోడోపాను పేగులోనే పట్టేస్తుంది, రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. మలబద్ధకం తగ్గితే మాత్ర పట్టడం కూడా మెరుగవుతుంది. ఈ జబ్బులో కడుపు, పేగులు కూడా నెమ్మదిస్తాయి.

వికారం గురించి చాలామంది గమనించని లెక్క ఒకటుంది. మాత్రలో లెవోడోపాతో పాటు కార్బిడోపా ఉంటుంది. లెవోడోపా మెదడు చేరకముందే ఒంట్లో డోపమిన్‌గా మారిపోకుండా ఆపుతుంది. దానికి రోజుకు 75 నుంచి 100 మిల్లీగ్రాముల కార్బిడోపా కావాలి. 110 అని రాసి ఉండే మాత్రలో 100 లెవోడోపా, 10 కార్బిడోపా ఉంటాయి. అవి రోజుకు మూడు వేసుకుంటే కార్బిడోపా 30 మాత్రమే అవుతుంది. 125 మాత్రలో 100కి 25, మూడు వేస్తే 75. వాంతి భావం పోవడం లేదంటే చీటీ మీద అంకె చూసి డాక్టరుగారిని అడగండి. లెవోడోపా రక్తంలో సగానికి తగ్గడానికి గంట, గంటన్నర చాలు. తొలి ఏళ్లలో మిగిలిన కణాలు దాన్ని దాచుకుని నెమ్మదిగా వదులుతాయి కనుక రోజుకు మూడుసార్లు సరిపోతుంది. కణాలు తగ్గేకొద్దీ దాచే చోటు ఉండదు, మాత్ర వేసిన గంటకు అతి కదలికలు, మూడు గంటలకు బిగుతు వస్తాయి. ఏ కారణంగానూ, ఆపరేషన్ అని గానీ, ఊరెళ్లామని గానీ, ఒక్కసారిగా ఆపకండి. తీవ్రమైన బిగుతు, జ్వరంతో ప్రాణం మీదకి రావచ్చు.

ఈ మందు వెనుక మన కొండల్లో దొరికే మొక్కలు రెండున్నాయి. తూర్పు కనుమల్లో పెరిగే సర్పగంధిలోని రిసర్పిన్ మెదడులో డోపమిన్‌ని ఖాళీ చేస్తుంది. 1957లో అర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్‌తో కదలలేని స్థితికి వచ్చిన కుందేళ్లకు డోపా ఇస్తే లేచి తిరిగాయి. 1960లో ఒలే హోర్నికీవిచ్ పార్కిన్సన్‌తో చనిపోయినవారి స్ట్రయేటంలో డోపమిన్ బాగా తగ్గిందని చూపించాడు. 1967లో జార్జ్ కోట్జియాస్ నోటి ద్వారా పెద్ద మోతాదులు ఇచ్చి నిలకడైన మేలు సాధించాడు. కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ వచ్చింది. రెండో మొక్క దూలగొండి. దాని గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది, పని కూడా చేస్తుంది. ఇబ్బంది ఏమిటంటే గింజ గింజకీ మోతాదు మారుతుంది, కార్బిడోపా అందులో ఉండదు. మాత్ర వేసుకుంటూ పైనుంచి పొడి కూడా తీసుకుంటే రెండు లెవోడోపాలు కలుస్తాయి. బీపీ పడిపోయి లేచేటప్పుడు తూలి పడడం, లేనివి కనిపించడం జరుగుతాయి. ఇప్పటికే వాడుతుంటే డాక్టరుకి దాచకండి.

ఇప్పుడు గని. మీ ప్రశ్న న్యాయమైనదే. గరివిడి, చీపురుపల్లి, గర్భాం వైపు మాంగనీసు తవ్వకం తాతల నాటిది. మాంగనీసు దుమ్ము, పొగ ఏళ్ల తరబడి పీల్చితే మెదడులో చేరే మొదటి చోటు గ్లోబస్ పాలిడస్. 1837లోనే కూపర్ అనే వైద్యుడు స్కాట్లాండులో ఆ ఖనిజం నూరే కూలీల్లో కాళ్లు తడబడడం, ముఖం కదలకపోవడం వర్ణించాడు. కానీ ఆ జబ్బు తీరు వేరు. రెండువైపులా ఒకేలా వస్తుంది. వెనక్కి అడుగు వెయ్యమంటే పడిపోతారు. మోచేతులు మడిచి, మడమలు ఆనకుండా, మునివేళ్ల మీద నడుస్తారు. విశ్రాంతి వణుకు తక్కువ. కోపం, కారణం లేని నవ్వు, నిద్రలేమి ముందుగా రావచ్చు. పాలిడస్ డోపమిన్‌కి దిగువన ఉంది, చెడింది అక్కడైతే పైనుంచి డోపమిన్ పోసినా లాభం తక్కువ, కాబట్టి లెవోడోపాకి సరిగా లొంగదు. దుమ్ములో ఉన్నంతకాలం ఎమ్మారైలో టీ1 చిత్రంలో పాలిడస్ రెండువైపులా తెల్లగా మెరుస్తుంది. పని మానేసిన కొన్ని నెలలకు ఆ మెరుపు పోవచ్చు, అందుకని ఇప్పుడు లేదన్నంత మాత్రాన ఒకప్పుడు చేరలేదని కాదు. మీ మావయ్యగారికి ఒకవైపు మొదలైంది, విశ్రాంతి వణుకు ఉంది, పొద్దుటి మాత్ర పనిచేస్తోంది. ఈ మూడూ మామూలు పార్కిన్సన్ వైపే బలంగా చూపుతున్నాయి. అయినా పని చరిత్ర, ఎన్నేళ్లు, తవ్వడమా, నూరడమా, కొలిమి దగ్గరా అన్నది ఫైల్లో రాయించండి. గనిలోనో వెల్డింగులోనో ఇప్పటికీ ఉన్నవాళ్లు తడి తవ్వకం, గాలి ఆడడం, సరైన మాస్క్ అడిగి తీసుకోవాలి. రక్తహీనత ఉన్నవారి ఒంటికి మాంగనీసు ఎక్కువ పడుతుంది, కాలేయం చెడినవారు దాన్ని పిత్తంతో బయటికి పంపలేరు.

గని కంటే ముందు నేను అనుమానించేది మందుల డబ్బాను. గ్యాస్‌కి పరగడుపున వేసుకునే క్యాప్సూళ్లలో కొన్నింటిలో రాబెప్రజోల్, పాంటోప్రజోల్‌లతో పాటు లెవోసల్పిరైడ్ ఉంటుంది. అది డీ2 గ్రాహకాలను మూసేస్తుంది. డోపమిన్ ఉన్నా చుట్టు దారి కణాలకు అందదు, అచ్చం పార్కిన్సన్ లాగే అవుతుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరాజిన్, కళ్లు తిరగడానికిచ్చే సినరిజిన్, తలనొప్పికిచ్చే ఫ్లునరిజిన్, మానసిక జబ్బులకిచ్చే హాలోపెరిడాల్ ఇదే కోవవి. కళ్లు తిరగడానికే ఇచ్చే బీటాహిస్టిన్ మాత్రం ఈ ఇబ్బంది పెట్టదు. మాత్ర పట్టీ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవండి. ఆపాక తేరుకోవడానికి వారాల నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది; మానసిక మందులను సొంతంగా ఆపకూడదు. మీ మావయ్యగారికి వాంతులైతే మెటోక్లోప్రమైడ్ వద్దని ఆర్ఎంపీకి కూడా చెప్పండి. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు కనుక అది మేలు, గుండె జబ్బుంటే ఈసీజీ చూశాకే. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బున్నవారు చదువుతుంటే వారికి ఇంకో మాట: మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్, పార్కిన్సన్‌కిచ్చే అమాంటడిన్, ప్రామిపెక్సోల్ కిడ్నీ ద్వారా పోతాయి. క్రియాటినిన్ చూడకుండా మామూలు మోతాదు ఇస్తే పేరుకుంటాయి. పిల్లలకు వాంతుల ఇంజెక్షన్ అయిన కొన్ని గంటల్లో మెడ వంకర తిరిగి, కనుగుడ్లు పైకి లాగేస్తే గాలి సోకిందని తిప్పకండి. అది అదే మందు పని. ఆసుపత్రిలో ప్రొమెథజిన్ ఇంజెక్షన్‌తో నిమిషాల్లో తగ్గుతుంది.

ఇతర చోట్ల దెబ్బ తగిలితే ఏమవుతుందో వేగంగా చెబుతాను. సబ్‌థలామిక్ న్యూక్లియస్‌లో చిన్న పక్షవాతం వస్తే ఆపే బలం పోతుంది, రెండోవైపు చేయీ కాలూ విసిరేసినట్టు ఎగిరిపడతాయి. షుగరు బాగా పెరిగిన పెద్దవయసువారికి హఠాత్తుగా ఒకవైపు ఇలాంటి కదలికలు వస్తే ముందు గ్లూకోజు చూడండి, అదుపులోకి వస్తే చాలామందిలో తగ్గిపోతుంది. చలికాలంలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ రెండువైపులా పాలిడస్‌ని చంపేస్తుంది. పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు మితిమీరితే బిలిరుబిన్ పాలిడస్‌లోనూ సబ్‌థలామిక్‌లోనూ చేరి జీవితాంతం వంకర కదలికలు మిగులుస్తుంది. అరికాళ్ల దాకా పసుపు కనబడితే ఎండలో పెట్టి కూర్చోకుండా వెంటనే ఆసుపత్రిలో ఫోటోథెరపీకి తీసుకెళ్లాలి.

చివరిగా మీవారి సంగతి. అరవై దాటాక మొదలైన పార్కిన్సన్ ఎక్కువ మందిలో వంశపారంపర్యం కాదు. తండ్రికి ఉంటే కొడుకుకి అవకాశం మామూలు కన్నా కొద్దిగా పెరుగుతుంది, అంతే. జన్యు పరీక్ష అక్కర్లేదు. నేను జాగ్రత్త పడమనేది వేరే సందర్భంలో: మీ ఇళ్లలో మేనరికాలుండి, నలభై లోపు ఎవరికైనా వణుకు, మాట ముద్ద కావడం, చేతిరాత చెడడం మొదలైతే. అప్పుడు విల్సన్ జబ్బును వెతకాలి. రాగి బయటికి పోక కాలేయంలోనూ పుటామెన్‌లోనూ పేరుకునే జబ్బు అది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి బిడ్డకూ 25 శాతం అవకాశం. కంటి డాక్టరు దగ్గరుండే స్లిట్ ల్యాంపుతో కంటి నల్లగుడ్డు అంచున రాగి రంగు వలయం, రక్తంలో రాగిని మోసే ప్రోటీన్ సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, ఈ మూడూ చూడాలి. తేలితే పెనిసిలమిన్, జింక్ వంటి మందులతో నిలబెట్టవచ్చు, జీవితాంతం వాడాలి. ఒకరికి తేలగానే, లక్షణాలు లేకపోయినా, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ అవే పరీక్షలు చేయించాలి.